5-6-26 అంటే ఏ రోజు? ఆర్గ్ ఫైలులో తేదీలు దారి తప్పే చోట్లు

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో 5-6-26 అని రాస్తే చదివేవాళ్లెవరికైనా అది జూన్ అయిదో తారీకే. రొయ్యల మేత బిల్లు మీద, బ్యాంకు చలానా మీద, చీటీపాట పుస్తకంలో, బడి రిజిస్టరులో, ఎక్కడ చూసినా రోజు ముందు, నెల తర్వాత, ఏడాది చివర. ఆ అలవాటు కొద్దీ ఆర్గ్ మోడ్ అనే నోట్సు, పనుల జాబితా ప్రోగ్రాములో తేదీ అడిగినచోట 5-6-26 కొట్టి ఎంటర్ నొక్కితే ఫైలులో పడేది 2005 జూన్ 26. అడ్డగీతల బదులు స్లాషులు పెట్టి 5/6/26 అంటే 2026 మే 6. చుక్కలు పెట్టి 5.6.2026 అని కొడితేనే మనం అనుకున్న జూన్ 5 వస్తుంది.

కొట్టిన మనిషి ఒకరే, మనసులో ఉన్న రోజూ ఒకటే, ఫైలులోకి వెళ్లేవి మూడు వేర్వేరు తేదీలు. దీన్ని చూసి చాలామంది ప్రోగ్రాములో ఏదో లోపం ఉందని వదిలేసి మళ్లీ డైరీకి వెళ్లిపోతారు. అంత అవసరం లేదు. ఆర్గ్‌లో తేదీలను చదివే చోటు ఒకటి కాదు, చాలా ఉన్నాయి. ప్రతి చోటికీ సొంత నియమాలున్నాయి. తేదీ మనం కొట్టే క్షణంలో ఒక నియమంతో, ఫైలులో కూర్చున్నాక ఇంకో నియమంతో, నెలనెలా ముందుకు జరిగేటప్పుడు మరో నియమంతో నడుస్తుంది. ఏ చోట ఏ నియమమో తెలిస్తే తప్పు ఎక్కడ పుట్టిందో రెండు నిమిషాల్లో పట్టుకోవచ్చు.

తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. ఆర్గ్ మోడ్ అనేది ఈమ్యాక్స్ ఎడిటర్‌లో భాగం. కార్స్‌టెన్ డొమినిక్ అనే ఖగోళ శాస్త్రవేత్త 2003లో మొదలుపెట్టారు. నోట్సు, పనుల జాబితా, గడువులు అన్నీ మామూలు టెక్స్ట్ ఫైలులోనే ఉంటాయి. నక్షత్రం గుర్తు పెట్టి శీర్షిక రాసి, దాని కింద తేదీ పెడితే, అజెండా అనే తెర ఆ తేదీలన్నిటినీ ఏరి ఈ రోజు ఏం చెయ్యాలో చూపిస్తుంది. ఇందుకూరుపేటలో నాలుగు రొయ్యల గుంటల లెక్క రాసుకునేవాళ్లకైనా, ఒంగోలులో పోటీ పరీక్షలకు చదివేవాళ్లకైనా, జీఎస్టీ రిటర్నులు వేసే అకౌంటెంటుకైనా అది చాలా అక్కరకొచ్చే పనిముట్టు. కాకపోతే మొత్తం భవనం తేదీల మీదే నిలబడి ఉంది. తేదీ తప్పయితే అజెండా ఏ హెచ్చరికా లేకుండా తప్పు చెబుతుంది.

కొట్టేచోట: గుర్తును బట్టి వరస

శీర్షిక మీద ఉండి కంట్రోల్-సీ, చుక్క నొక్కితే తేదీ అడిగే గడి తెరుచుకుంటుంది. పనికి రోజు వేసే కంట్రోల్-సీ కంట్రోల్-ఎస్ అయినా, గడువు పెట్టే కంట్రోల్-సీ కంట్రోల్-డీ అయినా ఇదే గడి. ఇక్కడ మనం కొట్టినదాన్ని ఆర్గ్ ఒక వరసలో పరీక్షిస్తుంది. ముందు ప్లస్సు, మైనస్సులతో మొదలయ్యే లెక్క ఏదైనా ఉందా అని చూస్తుంది. తర్వాత వారం సంఖ్య ఉందా అని. ఆ తర్వాత అడ్డగీతలున్న తేదీ, దాని తర్వాత చుక్కలున్నది, ఆఖరున స్లాషులున్నది. వీటిలో దేనికీ సరిపోకపోతే మిగిలిన ముక్కల్ని ఈమ్యాక్స్‌లోని మామూలు తేదీ చదివే సాధనానికి అప్పగిస్తుంది.

అడ్డగీత కనబడిందా, వరస ఏడాది-నెల-రోజు. ఇది అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 8601 వరస. ఏడాదిని నాలుగంకెల్లోనే రాయాలన్న పట్టింపు ఇక్కడ లేదు, ఒకటి రెండు అంకెలైనా తీసుకుంటుంది. అందుకే 5-6-26లో మొదటి 5 ఏడాదయిపోయి 2005గా మారింది, చివరి 26 రోజయింది. స్లాషు కనబడితే అమెరికా వరస: నెల/రోజు/ఏడాది. చుక్క కనబడితే ఐరోపా వరస: రోజు.నెల.ఏడాది. మన అలవాటుకు దగ్గరగా ఉన్నది ఈ మూడోదొక్కటే, కానీ దానికీ రెండు షరతులున్నాయి. ఏడాది రాస్తే నాలుగంకెల్లో రాయాలి. ఏడాది రాయకపోతే నెల తర్వాత కూడా చుక్క పెట్టాలి. 5.6. అంటే జూన్ 5, చివరి చుక్క లేని 5.6 ఈ నియమానికి అందదు.

ఈమ్యాక్స్ క్యాలెండర్ శైలిని ఐరోపా పద్ధతికి మార్చేస్తే స్లాషు కూడా మన దారికొస్తుందని కొందరు ఆశపడతారు. రాదు. స్లాషు నియమం ఆ సెట్టింగును చూడదు.

ఇప్పుడు అసలు ప్రమాదం చూడండి. 2005లో పడ్డ తేదీ కొంత నయం. అది పనికి వేసిన రోజో, గడువో అయితే అజెండాలో ఇరవయ్యేళ్ల పాత బాకీలాగా పైకొచ్చి కనబడుతుంది, చూసి దిద్దుకుంటాం. 28-6-26 సంగతి అలా కాదు. జూన్ 28న కట్టాల్సిన బీమా వాయిదా అనుకుని కొడితే అది 2028 జూన్ 26 అవుతుంది. 31-5-26 కొడితే 2031 మే 26. ఇవి భవిష్యత్తులో ఉన్నాయి గనక అజెండా వాటిని ఈ రోజు చూపించదు, రేపు చూపించదు, వచ్చే నెలా చూపించదు. వాయిదా తారీకు దాటిపోయాక ఫైలు తెరిచి వెతికితే, నమోదు చేసినట్టే ఉంటుంది. నెలాఖరు తారీకులకే ఈ గండం ఎక్కువ. మన జీతాలు, అద్దెలు, రిటర్నులు నెలాఖరు చుట్టూనే తిరుగుతాయి.

స్లాషుల్లో ఇంకో రకం మోసం ఉంది. రోజు అంకె 12 లోపు ఉంటే రోజు, నెల తారుమారవుతాయి, నోరెత్తకుండా. 12 దాటితే, ఉదాహరణకు 15/6 కొడితే, పదిహేనో నెల లేదు గనక అమెరికా నియమం దాన్ని ముట్టుకోదు. ఆ ముక్కలు చివరి సాధనం చేతికి వెళ్తాయి, అది జూన్ 15 చేస్తుందన్న భరోసా ఏమీ లేదు. అంటే నెల మొదటి పన్నెండు రోజుల్లో ఒక రకం తప్పు, మిగతా రోజుల్లో ఇంకో రకం తప్పు. ఏడాదిని చివర నాలుగంకెల్లో పెట్టి 05-06-2026 అని రాసినా అంతే. అడ్డగీతల నియమం ఏడాది ముందుండాలంటుంది, ఇది దానికి ఇమడదు.

దీనికి మందు గడిలోనే ఉంది. మనం కొడుతూ ఉండగానే, ఆర్గ్ దాన్ని ఎలా అర్థం చేసుకుంటోందో గడి పక్కనే బాణం గుర్తు పెట్టి చూపిస్తుంది. ఏడాదితో సహా, వారంతో సహా. ఎంటర్ నొక్కేముందు చూపు ఒక్కసారి అక్కడ ఆగితే పైన చెప్పిన తప్పుల్లో ఒక్కటి కూడా ఫైలులోకి పోదు. ముఖ్యంగా వారం చూడండి. అంకెలు తారుమారైతే కంటికి ఆనవు గానీ, శుక్రవారం అనుకున్నది బుధవారమని కనబడితే చెయ్యి ఆగుతుంది.

రోజువారీ వాడకానికి అంకెల తేదీల జోలికే పోకపోవడం ఇంకా మేలు. నెల ఇంగ్లిష్ పొట్టిపేరు, పక్కన రోజు కొడితే ఏ గందరగోళమూ ఉండదు. రోజు ముందు రాసి నెల తర్వాత రాసినా ఒకటే. దగ్గరి పనులకు +3 అంటే మూడు రోజుల తర్వాత, +2 పక్కన వారాల గుర్తు డబ్ల్యూ పెడితే రెండు వారాల తర్వాత. ఒంటి చుక్క కొడితే ఈ రోజు. అయితే నెల పేరు, రోజు రాశాక ఉదయం తొమ్మిది అనే ఉద్దేశంతో వట్టి 9 తగిలించకండి. ఆ మూడో అంకెను ఏడాది అనుకుని 2009కి వెళ్లిపోతుంది. గంట చెప్పాలంటే 9:00 అనండి, లేదా 9 పక్కన ఇంగ్లిష్ ఏఎం అతికించండి.

వారం పేర్లతో ఒక చిన్న చిక్కు ఉంది: శుక్రవారం నాడు కూర్చుని శుక్రవారం పొట్టిపేరు కొడితే అది ఈ రోజా, వచ్చే శుక్రవారమా అన్నది గడి చూపించే తేదీలో చూసుకోండి.

ముందుచూపు ఎక్కువైనప్పుడు

ఏడాది చెప్పకుండా, లేదా నెల కూడా చెప్పకుండా తేదీ కొడితే, ఆర్గ్ మామూలుగా రాబోయే రోజునే ఎంచుతుంది. జూన్ 20న వట్టి 14 కొడితే జులై 14. జూన్‌లో ఫిబ్రవరి 15 అంటే వచ్చే ఏడాది ఫిబ్రవరి. పనులు పెట్టుకునేవాళ్లకు ఇది సరైన ఊహ. కానీ జరిగిపోయినవి రాసుకునేవాళ్లకు ఇదే ముల్లు. గుంటలో నిన్న సున్నం చల్లారు, నమోదు ఈ రోజు చేస్తున్నారు. వట్టి రోజు అంకె కొడితే అది వచ్చే నెలకు పోతుంది. ఆక్వా రికార్డుల్లో, ఇంటి ఖర్చుల పద్దుల్లో, ఆసుపత్రి కాగితాల నోట్సులో ఈ తప్పు తరచుగా దొరుకుతుంది, ఎందుకంటే అవన్నీ వెనక్కి రాసేవి.

వెనక్కి రాసేటప్పుడు -1, -2 అని కొట్టడం అలవాటు చేసుకోండి. పోయిన బుధవారం కావాలంటే మైనస్సు పక్కన బుధవారం పొట్టిపేరు. ఫైలంతా గతమే అయితే ఆర్గ్-రీడ్-డేట్-ప్రిఫర్-ఫ్యూచర్ అనే సెట్టింగును నిల్ చేసి ఆపెయ్యొచ్చు. నా సలహా మాత్రం దాన్ని అలాగే ఉంచి మైనస్సు వాడమనే. సెట్టింగు మార్చిన సంగతి ఆర్నెల్లకు మరిచిపోతాం, అప్పుడు గడువులు వెనక్కి పడటం మొదలవుతుంది.

ఇంకో సూక్ష్మం. ఉన్న తేదీ మీద కర్సరు పెట్టి మార్చబోతే +2 అంటే ఈ రోజు నుంచి రెండు రోజులు, ++2 అంటే ఆ పాత తేదీ నుంచి రెండు రోజులు. రొయ్యల పట్టుబడి శనివారం నుంచి సోమవారానికి జరిపారనుకోండి, కావాల్సింది ++2. ఒక్క ప్లస్సుతో కొడితే మీరు ఏ రోజు కూర్చుని మార్చారన్న దాన్ని బట్టి జవాబు మారుతుంది.

ఫైలులో కూర్చున్నాక

గడి ఎంత ఉదారమో ఫైలు అంత కచ్చితం. ఫైలులో ఆర్గ్ గుర్తుపట్టే రూపం ఒకటే:

<2026-06-05 శుక్ర 09:30>

ఏడాది నాలుగంకెలు, నెల రెండు, రోజు రెండు, మధ్యలో మామూలు అడ్డగీత. కోణపు బ్రాకెట్లలో ఉంటే అజెండాలోకి వస్తుంది, చదరపు బ్రాకెట్లలో ఉంటే రాదు. జరిగిపోయినవాటికి చదరపువి, జరగాల్సినవాటికి కోణపువి. ఆ ఒక్క తేడా పాటిస్తే చాలు, అజెండా శుభ్రంగా ఉంటుంది. బ్రాకెట్ల మధ్య 05-06-2026 అని చేత్తో రాసినా, 2026-6-5 అని సున్నాలు ఎగ్గొట్టినా అది ఆర్గ్ దృష్టిలో తేదీ కాదు, వట్టి అక్షరాలు. తెర మీద అది తేదీలాగే కనబడుతుంది గనక మనకు అనుమానం రాదు.

ఫోనులో నోట్సు తీసి తర్వాత ఫైలులో అతికించేవాళ్లకు రెండు అదనపు చిక్కులు. తెలుగు కీబోర్డులు కొన్ని ౨౦౨౬ అని తెలుగు అంకెలు వేస్తాయి. ఆర్గ్ 0 నుంచి 9 దాకా ఉన్న మామూలు అంకెల్నే చూస్తుంది, తెలుగు అంకెలు దానికి కనబడవు. రెండోది, వర్డ్ డాక్యుమెంటు నుంచో మెసేజీ నుంచో తెచ్చిన తేదీలో అడ్డగీత కాస్త పొడుగు గీతగా మారి ఉండొచ్చు. కంటికి రెండూ ఒకేలా ఉంటాయి. ఇలాంటి అనుమానం ఉంటే ఆ గీత మీద కర్సరు పెట్టి కంట్రోల్-ఎక్స్, ఈక్వల్స్ నొక్కండి, ఈమ్యాక్స్ ఆ అక్షరం ఏమిటో అడుగున చెబుతుంది. మామూలు అడ్డగీత సంఖ్య 45.

గంటల దగ్గర మనవాళ్ల అలవాటు 9.30 అని చుక్క పెట్టడం. పెళ్లి కార్డు మీద ముహూర్తం కూడా అలాగే ఉంటుంది. ఆర్గ్‌కు కోలన్ కావాలి. చుక్క పెడితే రోజు తెలుస్తుంది, గంట తెలియదు, అజెండాలో ఆ పని సమయం లేనివాటి మధ్య పడుతుంది. దీనికి సరిగ్గా ఎదురు తప్పు కూడా ఉంది. శీర్షికలో గంటలాంటిది కనబడితే అజెండా దాన్ని సమయంగా తీసుకుంటుంది. "మందు 1:10 పాళ్లలో కలిపి కొట్టాలి" అని శీర్షిక రాసి దానికి రోజు వేస్తే, ఆ పని రాత్రి ఒంటిగంట పది నిమిషాల దగ్గర కూర్చుంటుంది. పాళ్లు, నిష్పత్తులు శీర్షికలో కాకుండా కింద వివరంలో రాయండి.

వారం పేరు విషయంలో ఆర్గ్ పట్టింపు లేనిది. అంకెల్ని నమ్ముతుంది, పేరును పట్టించుకోదు. తేదీని చేత్తో 05 నుంచి 08కి మార్చి శుక్ర అలాగే వదిలేస్తే, తప్పు వారం పేరు ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది. ఆ తేదీ మీద కంట్రోల్-సీ కంట్రోల్-సీ నొక్కితే సరిదిద్దుతుంది. పేరు ఏ భాషలో పడుతుందన్నది కంప్యూటరు భాషా సెట్టింగు మీద ఆధారపడి ఉంటుంది. ఇంట్లో తెలుగు పెట్టిన లాప్‌టాప్, ఆఫీసులో ఇంగ్లిష్ కంప్యూటరు రెండిట్లోనూ ఒకే ఫైలు వాడితే పేర్లు కలగాపులగం అవుతాయి. ఆర్గ్‌కు ఇబ్బంది లేదు గానీ, అదే ఫైలును చదివే ఇతర ప్రోగ్రాములు, మీరు సొంతంగా రాసుకున్న స్క్రిప్టులు తడబడొచ్చు. సిస్టమ్-టైమ్-లొకేల్ అనే విలువను సీ అని పెడితే అన్నిచోట్లా ఇంగ్లిష్ పేర్లే పడతాయి.

తేదీ నూటికి నూరుపాళ్లు సరిగ్గా ఉండి కూడా పనిచెయ్యని సందర్భం ఒకటుంది. షెడ్యూల్డ్, డెడ్‌లైన్ అన్న మాటలతో మొదలయ్యే వరస శీర్షికకు సరిగ్గా కింది వరసలోనే ఉండాలి. మధ్యలో ఖాళీ వరస వచ్చినా, ఒక వాక్యం నోట్సు చొరబడినా, ఆర్గ్ దాన్ని గడువుగా లెక్కపెట్టదు. బ్రాకెట్లు కోణపువి గనక మామూలు తేదీగా ఆ ఒక్క రోజూ అజెండాలో కనబడుతుంది. కానీ గడువుకు ముందు రావాల్సిన హెచ్చరిక రాదు, దాటిపోయాక వెంటాడటం ఉండదు. ఫైలులో తప్పులు వెతికే ఆర్గ్-లింట్ ఆదేశం నడిపితే ఇలా చోటు తప్పిన వరసల్ని పట్టి చూపిస్తుంది.

తెర మీద మనకు అలవాటైన రోజు-నెల-ఏడాది వరసే కావాలనుకునేవాళ్లు ఫైలును పాడు చెయ్యక్కర్లేదు. కంట్రోల్-సీ, కంట్రోల్-ఎక్స్, కంట్రోల్-టీ నొక్కితే చూపే రూపం మారుతుంది, లోపలి అంకెలు అలాగే ఉంటాయి. ఆ రూపాన్ని ముందు సెట్టింగుల్లో రాసుకోవాలి. అలా ఉన్నంతసేపూ కర్సరు తేదీ లోపలికి వెళ్లదు, ముందో వెనకో ఆగుతుంది. దిద్దాలంటే మళ్లీ అదే నొక్కి మామూలు రూపానికి రావాలి.

నెలనెలా వచ్చేవి

తేదీ చివర +1 పక్కన నెల గుర్తు ఎమ్ పెడితే, పని పూర్తయిందని గుర్తు పెట్టగానే తేదీ నెల ముందుకు జరుగుతుంది. జనవరి 31న అద్దె వసూలు పెట్టారనుకోండి. పూర్తి చెయ్యగానే ఆర్గ్ ఫిబ్రవరి 31 అని లెక్కవేస్తుంది. ఆ రోజు లేదు, మిగిలిన రోజులు మార్చిలోకి పొర్లి 2026 మార్చి 3 అవుతుంది. అక్కడితో ఆగదు. ఆ తర్వాత ఏప్రిల్ 3, మే 3. నెలాఖరు పని శాశ్వతంగా నెల మొదటికి మారిపోయింది, ఫిబ్రవరి అద్దె నమోదు అసలే లేకుండా పోయింది. నెలాఖరు పనుల్ని 28న పెట్టండి. లేదా ఒకటో తారీకు గడువుగా పెట్టి, తేదీ చివర -3 పక్కన రోజుల గుర్తు డీ చేర్చితే మూడు రోజుల ముందే కనబడటం మొదలవుతుంది.

ప్లస్సు ఎన్ని, ముందు చుక్క ఉందా అన్నదాన్ని బట్టి అర్థం మారుతుంది. ఒక్క ప్లస్సు పాత తేదీకి సరిగ్గా ఒక నెల కలుపుతుంది. మూడు నెలలు వెనకబడి ఉంటే మూడుసార్లు పూర్తి చెయ్యాలి. కట్టాల్సిన వాయిదాలకు అదే సబబు, ఒక్కటీ తప్పిపోకూడదు. రెండు ప్లస్సులు తారీకును నిలబెట్టి, ఈ రోజు దాటేదాకా నెలలు దూకుతాయి. ప్రతి నెలా పదో తారీకున జరిగే చీటీపాటకు ఇది. చుక్క-ప్లస్సు పాత తేదీని వదిలేసి, పూర్తి చేసిన రోజు నుంచి లెక్కపెడుతుంది. గుంటల్లో గాలి తిప్పే ఏరేటర్ల మోటారుకు గ్రీజు పెట్టడం లాంటివాటికి ఇది, ఎందుకంటే పోయినసారి ఎప్పుడు పెట్టామన్నదే అక్కడ ముఖ్యం.

కొన్ని రోజులకు ఈ మూడూ పనికిరావు. తద్దినం తిథి ప్రకారం వస్తుంది. నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర బారాషహీద్ దర్గాలో రొట్టెల పండగ మొహర్రం నెలలో వస్తుంది, హిజ్రీ ఏడాది మన క్యాలెండరు ఏడాది కంటే సుమారు 11 రోజులు పొట్టి. వీటికి ఏడాది ప్లస్సు పెడితే రెండో ఏటికే తప్పుతుంది. ఈమ్యాక్స్‌లో ఇస్లామిక్ క్యాలెండరు ఉన్నా అది గణితం మీద నడిచేది, నెలవంక కనబడటంతో ఒక రోజు అటూ ఇటూ కావచ్చు. ప్రతి ఏటా పంచాంగం వచ్చాక చేత్తో వేసుకోవడమే దారి.

ఏడేసి రోజులకు నీటి పరీక్ష, నెలలో రెండో గురువారం సమావేశం లాంటివి రాసుకోవడానికి డైరీ సూత్రాలున్నాయి, అంటే రోజుల్ని లెక్కగట్టే ఈమ్యాక్స్ ఫార్ములాలు. అంకెల వరసలో తేడా ఎక్కువగా ఉన్నది ఇక్కడే. డైరీ-సైక్లిక్, డైరీ-యానివర్సరీ అని మొదలైతే ఆ వరస క్యాలెండర్ శైలి సెట్టింగు చెప్పినట్టు ఉంటుంది, సెట్టింగు మార్చకపోతే నెల, రోజు, ఏడాది. పైన గడిలో స్లాషును కదిలించలేకపోయిన సెట్టింగు ఇక్కడ మొత్తాన్ని తిప్పేస్తుంది. ఒకరి ఫైలు ఇంకొకరి కంప్యూటరులో తెరిస్తే పుట్టినరోజులు మారిపోవడానికి కారణం అదే. ఆర్గ్-సైక్లిక్, ఆర్గ్-యానివర్సరీ అని మొదలైతే సెట్టింగు ఏదైనా సరే ఏడాది, నెల, రోజు. ఏప్రిల్ 10న పిల్ల వదిలిన గుంటకు వారం వారం నీటి పరీక్ష అంటే ఆర్గ్-సైక్లిక్ పక్కన 7 2026 4 10. రెండు కుటుంబాల్లోనూ ఉన్న సూత్రాలకు ఆర్గ్‌తో మొదలయ్యేదే వాడండి.

వెతికేటప్పుడు, బయటినుంచి తెచ్చేటప్పుడు

ఫలానా తేదీలోపు గడువున్న పనులు చూపించమని అడిగేటప్పుడు తేదీని కొటేషన్ల మధ్య, వాటి లోపల మళ్లీ కోణపు బ్రాకెట్ల మధ్య పెట్టాలి. అప్పుడే ఆర్గ్ రెండువైపులా తేదీలుగా పోల్చుతుంది. బ్రాకెట్లు మరిస్తే అక్షరాలుగా పోల్చుతుంది. శీర్షిక కింద సొంతంగా పెట్టుకున్న ప్రాపర్టీల్లో, అంటే పేరు-విలువ జతల్లో, 15-06-2026, 02-07-2026 అని రాసుకున్నవాళ్లకు అక్షరాల వరసలో జులై 2 ముందొస్తుంది, జూన్ 15 తర్వాతొస్తుంది. ఏడాది ముందుండే రూపంలో అక్షరాల వరస, కాలం వరస ఒకటే అవుతాయి. ఫైళ్ల పేర్లలో తేదీ పెట్టేవాళ్లకూ ఇదే కారణం చాలు.

స్ప్రెడ్‌షీట్ నుంచి తేదీలు తెచ్చుకునేముందు ఆ నిలువు వరస ఒకసారి చూడండి. షీటు అమెరికా పద్ధతిలో ఉండి మన తేదీలు అందులో పడితే, రోజు 12 లోపున్నవి తారుమారై తేదీలుగా కుడివైపు ఆనుకుంటాయి, 12 దాటినవి తేదీలు కాలేక టెక్స్టుగా ఎడమవైపు ఉండిపోతాయి. ఒకే వరసలో కొన్ని కుడికి, కొన్ని ఎడమకు కనబడితే అక్కడే ఆగండి. తేదీల్ని ఒక్కొక్కటిగా దిద్దడం కాదు, ఆ నిలువు వరసకు రోజు-నెల-ఏడాది అని చెప్పి ఫైలును మొదటినుంచి మళ్లీ దిగుమతి చేసుకోవాలి. అప్పటికే తారుమారైనవి ఏవో తర్వాత తేల్చలేం. పైథాన్‌తో స్క్రిప్టు రాసుకునేవాళ్లు డేట్‌యుటిల్ అనే తేదీల లైబ్రరీ వాడితే అందులోనూ మొదటి ఊహ నెల ముందనే. రోజు ముందని స్పష్టంగా చెప్పాలి.

బ్రౌజరులో నడిచే నోట్సు యాప్‌ల నుంచి వచ్చే తేదీల్లో ఒక రోజు వెనక్కి పోవడం కనబడితే కారణం గంటల తేడా. ఆ యాప్‌లు నడిచే జావాస్క్రిప్టు భాషలో తేదీని గ్రీన్విచ్ గంటల్లోకి మార్చి రాయడం మామూలు. మన గడియారం అయిదున్నర గంటలు ముందు గనక, ఇక్కడి జూన్ 5 అర్ధరాత్రిని గ్రీన్విచ్‌కు మార్చి రాస్తే జూన్ 4 సాయంత్రం 6:30 అవుతుంది. యాప్ అందులో తేదీ ముక్క మాత్రం కత్తిరించి ఇస్తే ప్రతి నమోదూ ఒక రోజు వెనక. ఆర్గ్ తేదీలకు గంటల ప్రాంతం అనేదే లేదు, వచ్చిన అంకెల్ని వచ్చినట్టే నమ్ముతుంది.

పాత ఫైలును జల్లెడ పట్టడం

ఇన్నాళ్లూ రాసినదాంట్లో ఎన్ని తప్పులున్నాయో తెలుసుకోవడానికి ముందు ఫైలుకు నకలు తీసి పక్కన పెట్టండి. తర్వాత కంట్రోల్-సీ, స్లాషు, బీ నొక్కి 2015-01-01 ఇవ్వండి. అంతకుముందు తేదీలున్న గడువులు, రోజు వేసిన పనులు మాత్రమే తెరుచుకుంటాయి. ఫైలు మొదలుపెట్టిందే ఆ తర్వాతైతే, కనబడేవి దాదాపు అన్నీ అడ్డగీతల వరసలో తప్పినవే. ఇదే పద్ధతిలో బీ బదులు ఇంగ్లిష్ అక్షరం ఏ నొక్కి, ఇప్పటికి ఏడాదిన్నర తర్వాతి తేదీ ఇస్తే 2028, 2031ల్లో దాక్కున్నవి బయటికొస్తాయి. తేదీ ఇచ్చేది మళ్లీ అదే గడిలో, కాబట్టి నాలుగంకెల ఏడాదితో ఇవ్వండి.

దొరికిన ప్రతి తప్పు తేదీలోనూ సరైనది దాగి ఉంటుంది. 2028-06-26 అని ఉంటే చివరి రెండంకెల 26 నిజానికి ఏడాది, ఏడాదిలోని 28 నిజానికి రోజు, నెల మారలేదు: 2026-06-28. స్లాషుతో తారుమారైనవాటిని ఇలా తిప్పి పట్టలేం, రెండు రూపాలూ సాధ్యమే గనక. వాటికి పక్కనున్న బిల్లు, రసీదు, మెసేజీ చూసి సరిపోల్చుకోవాలి. రోజు, నెల రెండూ 12 లోపున్న తేదీల్ని మాత్రమే అలా చూస్తే సరిపోతుంది. రెండూ ఒకటే అయిన 6-6, 7-7 లాంటివాటిని వదిలేయొచ్చు. ఆఖరున ఆర్గ్-లింట్ ఒకసారి నడిపి, చోటు తప్పిన గడువుల వరసల్ని శీర్షికల కిందికి చేర్చండి.